ఇండియన్ సీపీఎల్‌తో యూరప్ లైసెన్సు: మీ గంటలు కలుస్తాయి, మీ పరీక్షలు కలవవు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్, వయసు 25, డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, మొత్తం ఎగిరినవి 215 గంటలు, అందులో మల్టీ ఇంజిన్ 18. ఐఆర్ (బయటికి చూడకుండా పరికరాల ఆధారంగా ఎగరడానికి ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) గడువు ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. "రెండు పేపర్లు రాసి ఒక చెక్ ఫ్లైట్ ఎగిరితే మూడు నెలల్లో యూరప్ లైసెన్సు" అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు, నిజమేనా? ఇండియాలో ఎ320 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా ఉన్న మీ బావగారికీ ఇదే దారా?

నిజం కాదు. రెండు పేపర్లతో వచ్చేది ప్రైవేట్ పైలట్ లైసెన్సు మాత్రమే. కమర్షియల్ కావాలంటే 13 థియరీ పేపర్లు, యూరప్ క్లాస్ 1 మెడికల్, సీపీఎల్ స్కిల్ టెస్ట్ (ఎగ్జామినర్ ముందు ఎగిరి చూపే పరీక్ష), ఐఆర్ స్కిల్ టెస్ట్, ఇవన్నీ మొదటినుంచి పాస్ కావాల్సిందే. మీ 215 గంటలు మాత్రం వృథా పోవు. శిక్షణ గంటలు తగ్గించడానికి అవే ఆధారం. మీ బావగారి దారి కొంచెం వేరు, చివర్లో చెబుతాను.

కన్సల్టెన్సీ వాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పారనీ అనలేను. సగం నిజం చెప్పారు. బయటి దేశపు లైసెన్సుల గురించి యూరప్‌లో ఉన్న నిబంధన 2020/723. దానిలో 'కన్వర్షన్' అన్న మాట ఉంది. కానీ దాని అర్థం: మీ దగ్గర ఉన్నది పీపీఎల్ (ప్రైవేట్) అయినా, సీపీఎల్ (కమర్షియల్) అయినా, ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) అయినా సరే, దాన్ని యూరప్ పీపీఎల్‌గా మార్చుకోవచ్చు అని. దానికి 100 గంటల అనుభవం, ఎయిర్ లా, హ్యూమన్ పెర్ఫార్మెన్స్ అనే రెండు పేపర్లు, పీపీఎల్ స్కిల్ టెస్ట్, మెడికల్, భాషా ప్రావీణ్యం ఉంటే చాలు. వాళ్లు చెప్పిన రెండు పేపర్లు ఇవే. ఆ కాగితంతో మీరు స్నేహితుల్ని ఎక్కించుకుని తిప్పొచ్చు, జీతం మాత్రం తీసుకోలేరు.

మనవాళ్లు ఇక్కడ పొరబడటానికి ఇంకో కారణం ఉంది. అమెరికాలోనో సౌతాఫ్రికాలోనో సీపీఎల్ చేసి వచ్చినవాళ్లు ఇండియాలో కొన్ని పేపర్లు రాసి, కొంత ఎగిరి డీజీసీఏ లైసెన్సు తీసుకుంటారు. దాన్ని అందరూ కన్వర్షన్ అనే అంటారు. అదే మాట యూరప్‌కి వాడితే అక్కడా అలాగే ఉంటుందనిపిస్తుంది. యూరప్‌లో కమర్షియల్‌కి జరిగేది కన్వర్షన్ కాదు, కొత్త లైసెన్సు జారీ. అదే 2020/723 ఇంకోచోట అంటుంది: బయటి దేశపు లైసెన్సు ఉన్నవాళ్లు పార్ట్-ఎఫ్‌సీఎల్ (యూరప్ పైలట్ లైసెన్సుల నిబంధనలు) షరతులన్నీ పాటించాలి, అయితే కోర్సు నిడివి, పాఠాల సంఖ్య, శిక్షణ గంటలు తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలో ఏటీఓ, అంటే ఆమోదం ఉన్న శిక్షణ సంస్థ, సిఫార్సు చేస్తుంది. తేల్చేది మీరు దరఖాస్తు పెట్టిన దేశపు అథారిటీ. తగ్గేది శిక్షణే, పరీక్ష కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఏ ఏజెంటూ మిమ్మల్ని ఏమార్చలేడు.

మొదట మెడికల్. ఫీజులు కట్టకముందే చేయించుకోండి. ఇండియన్ క్లాస్ 1 అక్కడ చెల్లదు. మొట్టమొదటి క్లాస్ 1 మామూలు ఏవియేషన్ డాక్టర్ దగ్గర కాదు, ఏరోమెడికల్ సెంటర్‌లో చేయించుకోవాలి. తర్వాతి రెన్యూవల్స్ డాక్టర్ దగ్గర నడుస్తాయి. ఈసీజీ, ఆడియోగ్రామ్, ఊపిరితిత్తుల పరీక్ష, రక్తం, మూత్రం, కళ్లు వివరంగా చూస్తారు. కళ్లజోడు ఉంటే ప్రిస్క్రిప్షన్, లేసిక్ అయితే ఆపరేషన్‌కి ముందు పవర్ ఎంత ఉండేదో, తర్వాత స్థిరపడినట్టు చూపే రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. చిన్నప్పుడు ఆస్తమా, ఫిట్స్, ఏదైనా సర్జరీ ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ కూడా. దాచిపెట్టి తర్వాత దొరికిపోతే, ఆ జబ్బుకన్నా దాచిన సంగతే పెద్ద సమస్య అవుతుంది. 40 ఏళ్లలోపు వాళ్లకి క్లాస్ 1 గడువు 12 నెలలు. థియరీ రాయడానికి మెడికల్ అక్కర్లేదు కదా అని చివరికి వాయిదా వేసి, పేపర్లన్నీ పాసయ్యాక రంగుల పరీక్షలో ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

నిజానికి దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది దేశం. యూరప్ లైసెన్సు అంటాం గానీ కాగితం ఇచ్చేది ఒక దేశం. ఆస్ట్రియా, ఐర్లండ్, మాల్టా, స్పెయిన్, ఏదైనా కావచ్చు. చెల్లుబాటు అన్నిచోట్లా ఒకటే. కానీ ఒక వర్గం విమానాలకి ఒక్క దేశపు లైసెన్సే ఉండాలి. 13 పేపర్లు కూడా ఒకే దేశపు అథారిటీ కింద రాయాలి, నాలుగు ఇక్కడ, తొమ్మిది అక్కడ కుదరదు. మెడికల్ రికార్డులు కూడా చివరికి లైసెన్సు ఇచ్చే దేశం దగ్గరే ఉండాలి. వేరే దేశంలో మెడికల్ చేయించుకుంటే ఫైలు బదిలీకే వారాలు పోతాయి. కాబట్టి మెడికల్ అపాయింట్‌మెంట్ కన్నా ముందే దేశాన్ని ఖరారు చేసుకోవడం మేలు. జర్మనీ ఎంచుకుంటే భద్రతా నేపథ్య తనిఖీ ఒకటి అదనంగా ఉంటుంది. ఇటీవలి దాకా బయటి దేశంలో ఉన్నవాళ్లకి అది సులువు వ్యవహారం కాదు. దేశం ఎంచుకునేటప్పుడు ఫీజు ఒక్కటే చూడకండి. పరీక్షలు ఇంగ్లీషులో నెలకి ఎన్నిసార్లు పెడతారు, ఇండియన్ సీపీఎల్ ఉన్నవాళ్లకి క్రెడిట్ ఇచ్చిన అనుభవం ఆ ఏటీఓకి ఉందా, ఈ రెండూ అడగండి.

యూకే సంగతి చాలామంది అడుగుతారు. 2020 డిసెంబర్ 31తో యూకే ఈ వ్యవస్థలోంచి బయటికెళ్లిపోయింది. యూకే లైసెన్సు యూరప్ లైసెన్సు కాదు. అది తీసుకుంటే యూరప్ దృష్టిలో మళ్లీ మీరు బయటి దేశపు పైలటే.

ఇప్పుడు అసలు బరువైన భాగం, థియరీ.

డీజీసీఏలో మీరు ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ 70 శాతంతో దాటారు. ఇక్కడ ఎయిర్ లా, ఎయిర్‌ఫ్రేమ్-సిస్టమ్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, మాస్ అండ్ బ్యాలెన్స్, పెర్ఫార్మెన్స్, ఫ్లైట్ ప్లానింగ్, హ్యూమన్ పెర్ఫార్మెన్స్, మెటియరాలజీ, జనరల్ నావిగేషన్, రేడియో నావిగేషన్, ఆపరేషనల్ ప్రొసీజర్స్, ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్లైట్, కమ్యూనికేషన్స్. ప్రతి పేపర్‌లో 75 శాతం రావాలి. ఒక పేపర్ ఎక్కువ, ఇంకోటి తక్కువ అని సర్దుబాటు లేదు. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఖాళీ వదలకండి.

గడువుల లెక్క ఇలా ఉంటుంది. మొదటి పేపర్ రాసిన నెల ఆఖరు నుంచి 18 నెలల్లో అన్నీ పాసవ్వాలి. ఒక్కో పేపర్‌కి నాలుగు ప్రయత్నాలు. ఏ ఒక్క పేపర్ నాలుగోసారి పోయినా, లేదా 18 నెలలు దాటినా, పాసైనవి కూడా పోతాయి, మొత్తం సెట్ మళ్లీ రాయాలి. మార్చి 3న మొదటి పేపర్ రాస్తే మార్చి 31 నుంచి లెక్క. మార్చి 31న రాసినా అంతే. అందుకని నెల మొదట్లో రాస్తే కొన్ని వారాలు ఊరికే కలిసొస్తాయి. అన్నీ పాసయ్యాక సీపీఎల్, ఐఆర్ తీసుకోవడానికి 36 నెలలు. ఈలోగా ఎగిరే భాగం పూర్తి కాకపోతే థియరీ మొత్తం చెల్లకుండా పోతుంది. ఐఆర్ వచ్చాక, ఏటీపీఎల్ కోసం ఆ థియరీ మీ ఐఆర్ చివరి గడువు తేదీ నుంచి 7 ఏళ్లు నిలబడుతుంది.

మాడ్యులర్ (విడివిడి భాగాలుగా చేసే) ఏటీపీఎల్ థియరీ కోర్సు 650 గంటలు. దూరవిద్యలో చేయొచ్చు, అందులో కనీసం 10 శాతం తరగతి గదిలో ఉండాలి. మీకు సీపీఎల్ ఉంది కాబట్టి ఏటీఓ దీన్ని కుదించవచ్చు. ఎంత కుదిస్తారో ఏటీఓనిబట్టి మారుతుంది. నా సలహా: మరీ తగ్గించే చోటు వెతక్కండి. కోర్సు తగ్గినంత మాత్రాన సిలబస్ తగ్గదు. సీపీఎల్ స్థాయి థియరీ అని 250 గంటల కోర్సు ఇంకోటి ఉంది. ఎయిర్‌లైన్ లక్ష్యం ఉన్నవాళ్లు దానివైపు పోవద్దు, తర్వాత ఏటీపీఎల్ పేపర్లు ఎలాగూ రాయాల్సి వస్తుంది.

మనవాళ్లు ఎక్కడ తడబడతారు? నేను చూసినంతలో మూడు చోట్ల.

ఒకటి ఫ్లైట్ ప్లానింగ్. ఇది చదివితే వచ్చేది కాదు, చేత్తో చేస్తే వచ్చేది. క్యాప్ 697 (ఫ్లైట్ ప్లానింగ్ గ్రాఫుల పుస్తకం) గ్రాఫులు, జెప్పెసన్ చార్టులు పక్కన పెట్టుకుని గడియారం చూస్తూ సాధన చేయాలి. గ్రాఫులో పెన్సిల్ గీత కాస్త లావైతే చాలు, పక్క ఆప్షన్‌లో పడతారు. 0.5 లెడ్ పెన్సిల్, పారదర్శకమైన స్కేలు వాడండి. ముందు రిఫరెన్స్ లైన్ దాకా, అక్కడి నుంచి వంపు వెంట. రిఫరెన్స్ లైన్ దాకా పోకుండా మధ్యలోనే వంపు పట్టుకోవడం అందరూ చేసే తప్పు. వచ్చిన జవాబు కూడా నాలుగు ఆప్షన్లలో ఒకటిగా ఉంటుంది, అందుకే తప్పు చేసినట్టు కూడా తెలియదు.

రెండు మెటియరాలజీ. మనకి రుతుపవనాలు, వెస్టర్న్ డిస్టర్బెన్స్, కాలబైశాఖి కొట్టిన పిండి. అక్కడ పోలార్ ఫ్రంట్ డిప్రెషన్ మీద ప్రశ్న మీద ప్రశ్న వస్తుంది. వార్మ్ ఫ్రంట్ దాటేటప్పుడు పీడనం ఏమవుతుంది, గాలి ఎటు తిరుగుతుంది, మేఘాలు ఏ వరుసలో వస్తాయి, ఫ్రీజింగ్ రెయిన్ ఎక్కడ పడుతుంది, ఇవి బొమ్మ గీసుకుని నేర్చుకోవాలి. ఫోయెన్ (Föhn), మిస్ట్రాల్, బోరా లాంటి స్థానిక గాలులు ఏ కొండల దగ్గర, ఏ దిక్కునుంచి వీస్తాయో మ్యాపు మీద పెట్టి చూడండి. 'డీజీసీఏ మెట్ 90 వచ్చింది' అన్న ధీమాతో చదవకుండా వెళ్లినవాళ్లు 60ల్లో ఆగుతారు.

మూడు ఎయిర్ లా. సులువనిపించే పేపర్ ఇదే. ఐకావ్ (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనెక్స్‌లు మీకు తెలుసు. కానీ పార్ట్-ఎఫ్‌సీఎల్ గడువులు, అధికారాలు కొత్త. డీజీసీఏ అంకెలు తలలో ఉండిపోయి చేయి వాటివైపే పోతుంది. పాత నోట్స్ ఆరు నెలలు అటకెక్కించండి.

ప్రశ్నల బ్యాంకులు అందరూ వాడతారు, వాడండి. అయితే మొదటి రోజునుంచే బ్యాంకు పట్టుకుంటే మాస్ అండ్ బ్యాలెన్స్ లాంటివి గడుస్తాయి, ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్లైట్ దగ్గర దొరికిపోతారు. ప్రశ్నలో ఒక్క మాట మార్చి అడుగుతారు.

థియరీ అయ్యాక ఎగిరే భాగం. ఇక్కడ మీ గంటల విలువ తెలుస్తుంది.

యూరప్ మాడ్యులర్ సీపీఎల్‌కి మొత్తం 200 గంటలు, 100 పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, అంటే విమానం బాధ్యత మీదే అయిన గంటలు), 20 గంటల క్రాస్ కంట్రీ (ఒక ఊరినుంచి ఇంకో ఊరికి) పీఐసీ, అందులో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఉండాలి. ఇవి మీ డీజీసీఏ లెక్కలకి దగ్గరే. రాత్రి ఎగరడంలో చూడాల్సింది: 5 గంటల్లో 3 గంటలు డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో), దానిలో ఒక గంట క్రాస్ కంట్రీ, 5 సోలో టేకాఫ్‌లు, 5 ఫుల్ స్టాప్ (దిగి పూర్తిగా ఆగే) ల్యాండింగ్‌లు. మన లాగ్‌బుక్కుల్లో ల్యాండింగ్‌లు ఉంటాయి గానీ ఫుల్ స్టాప్ అని రాసి ఉండదు, రాత్రి డ్యూయల్ క్రాస్ కంట్రీ విడిగా కనిపించదు. అది చూపించలేక అక్కడ మళ్లీ రాత్రి ఎగరాల్సి వస్తుంది. మీ లాగ్‌బుక్ ఇవాళే తీసి ఈ లైన్లు వెతకండి. దొరికితే మీ ఫ్లయింగ్ స్కూల్ సీఎఫ్ఐ (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్) చేత విడిగా ధ్రువీకరణ రాయించుకోండి. స్కూలు తెరిచి ఉన్నప్పుడే ఆ పని సులువు.

సాధారణంగా ఏటీఓ మీతో ఒక అసెస్‌మెంట్ ఫ్లైట్ చేసి, ఎన్ని గంటల శిక్షణ అవసరమో చెబుతుంది. బ్రోషర్‌లోని కనీస గంటలకే డబ్బు లెక్క వేసుకుని వెళ్లకండి. దానికి మూడోవంతు కలిపి ఉంచుకోండి.

సీపీఎల్ టెస్టులో హద్దులు ఇవి: ఎత్తు 100 అడుగులు అటూ ఇటూ, ఇంజిన్ ఆపినట్టు చూపినప్పుడు 150. హెడింగ్ 10 డిగ్రీలు, ఇంజిన్ లేనప్పుడు 15. స్పీడ్ టేకాఫ్, అప్రోచ్‌ల్లో 5 నాట్లు, మిగతా చోట 10. ఒక సెక్షన్ పోతే ఆ సెక్షన్ ఒక్కటే మళ్లీ. రెండు పోతే టెస్టంతా మళ్లీ.

హద్దులకన్నా మనవాళ్లని ఇబ్బంది పెట్టేది నావిగేషన్. ఇండియాలో ఎగిరేటప్పుడు ఎఫ్ఐసీ నంబరు, ఏడీసీ నంబరు (ఎగరకముందు తీసుకునే అనుమతి నంబర్లు) తీసుకుంటే తప్ప కదలం. ఏటీసీ చెప్పినట్టు వెళ్లడం అలవాటు. అక్కడ చాలా విమానాశ్రయాల్లో టవరే ఉండదు. ఎయిర్‌స్పేస్ ఏ క్లాసు, ఎక్కడ అనుమతి కావాలి, ఎక్కడ రిస్ట్రిక్టెడ్ ఏరియా మొదలవుతుంది, అంతా పైలట్ బాధ్యతే. చార్టు మీద వేలు పెట్టి 'ఇప్పుడు ఎక్కడున్నావు' అని ఎగ్జామినర్ అడుగుతారు. జీపీఎస్ ఆపేస్తారు. మధ్యలో దారి మార్చి ఇంకో ఊరికి వెళ్లమంటారు. అప్పుడు చేత్తో చేయాల్సిన లెక్క చిన్నదే: 60 మైళ్లు ఎగిరాక గీతనుంచి 4 మైళ్లు పక్కకి ఉంటే ట్రాక్ తప్పు 4 డిగ్రీలు. ఇంకా 120 మైళ్లు మిగిలితే ముగింపు కోణం 2 డిగ్రీలు. మొత్తం 6 డిగ్రీలు తిప్పాలి. ఇది పది సెకన్లలో నోటికి రావాలి, ఆ పది సెకన్లలో ఎత్తు 100 అడుగులు జారకూడదు. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (ఆల్టిమీటర్‌ని ప్రామాణిక పీడనానికి మార్చే ఎత్తు) జర్మనీలో 5000 అడుగులు, సరిహద్దు దాటితే ఇంకోటి. కొన్ని చిన్న ఫీల్డుల్లో రేడియో స్థానిక భాషలోనే నడుస్తుంది, రూట్ వేసేటప్పుడే చూసుకోండి.

ఇక మల్టీ ఇంజిన్. బయటి దేశపు క్లాస్ రేటింగ్‌ని (సింగిల్ ఇంజిన్, మల్టీ ఇంజిన్ లాంటి తరగతి విమానాలకి అర్హత) యూరప్ లైసెన్సులోకి ఎక్కించుకోవాలంటే ఆ క్లాసులో 100 గంటలు, ఇటీవలి ప్రాక్టీసు, స్కిల్ టెస్ట్ కావాలి. సింగిల్ ఇంజిన్‌లో మీకు 100 దాటాయి, అది నడుస్తుంది. మల్టీలో ఉన్నవి 18, నడవదు. అంటే ఎంఈపీ (మల్టీ ఇంజిన్ పిస్టన్) కోర్సు చేయాలి: కనీసం రెండున్నర గంటల డ్యూయల్ మామూలు పరిస్థితుల్లో, మూడున్నర గంటలు ఇంజిన్ ఫెయిల్యూర్ మీద, 7 గంటల థియరీ. మీ 18 గంటలవల్ల ఈ ఆరు గంటలు తేలిగ్గా గడుస్తాయి, అంతవరకే లాభం. ఎంఈపీ రేటింగ్ గడువు ఒక ఏడాది, సింగిల్ ఇంజిన్‌ది రెండేళ్లు.

ఐఆర్ దగ్గర కిటుకు ఉంది. కాంపిటెన్సీ బేస్డ్ ఐఆర్ దారిలో, చెల్లుబాటులో ఉన్న బయటి దేశపు ఐఆర్ ఉన్నవాళ్లకి శిక్షణ కోర్సు మొత్తం మాఫీ చేసే వీలుంది. నేరుగా స్కిల్ టెస్ట్, ఎగ్జామినర్ ముందు థియరీ పరిజ్ఞానం చూపడం. కానీ షరతు: ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నిబంధనలు) కింద పీఐసీగా 50 గంటలు. మీ ఇన్‌స్ట్రుమెంట్ గంటలు దాదాపు అన్నీ హుడ్ (బయటికి కనిపించకుండా పెట్టుకునే కవచం) కింద డ్యూయల్‌లోనో సిమ్యులేటర్‌లోనో చేసినవి. అవి ఈ 50లోకి రావు. కాబట్టి మీకు మాఫీ కాదు, తగ్గింపే. పూర్తి మాడ్యులర్ కోర్సులో సింగిల్‌కి 50, మల్టీకి 55 గంటలు. కాంపిటెన్సీ దారిలో 40, 45. వీటినుంచి ఎంత తీసేస్తారన్నది మళ్లీ ఏటీఓ సిఫార్సే. మీ ఇండియన్ ఐఆర్ చెల్లుబాటులో ఉంటే బేరం బలంగా ఉంటుంది, అందుకే మూడు నెలల్లో అయిపోనివ్వకండి, రెన్యూ చేసుకోండి. అక్కడ మళ్లీ ఎగిరే గంటతో పోలిస్తే ఇక్కడి రెన్యూవల్ చవక.

ఐఆర్ టెస్టు హద్దులు బిగువుగా ఉంటాయి. హెడింగ్ 5 డిగ్రీలు, స్పీడ్ 5 నాట్లు, ఎత్తు 100 అడుగులు. గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) డెసిషన్ హైట్‌లో (దిగాలా వద్దా తేల్చుకునే ఎత్తులో) మొదలుపెట్టేటప్పుడు పైకి 50 అడుగులు ఒప్పుకుంటారు, కిందికి సున్నా. ఒక్క అడుగు కిందికి వెళ్లినా సెక్షన్ పోయినట్టే. పీబీఎన్ (జీపీఎస్ లాంటి వాటిమీద ఆధారపడే నావిగేషన్) కూడా ఇప్పుడు ఐఆర్‌లో భాగమే. ఆర్‌నావ్ (అలాంటి నావిగేషన్‌తో దిగే) అప్రోచ్‌లు అంతగా చేయని స్కూల్లో చదివి ఉంటే ముందు సిమ్‌లో కూర్చోండి.

ఎప్పుడు వెళ్లాలి? శీతాకాలంలో ఉత్తర యూరప్‌కి వద్దు. ఫ్రీజింగ్ లెవెల్ నేలకి దగ్గరగా వచ్చేస్తుంది, డీ-ఐసింగ్ (మంచు తొలగించే ఏర్పాటు) లేని రెండు ఇంజిన్ల విమానంతో మేఘంలోకి పంపరు. వరుసగా వారం పది రోజులు హాస్టల్లో కూర్చుంటారు, అద్దె నడుస్తూనే ఉంటుంది. షెంగెన్ షార్ట్ స్టే వీసా అయితే 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. వాతావరణంవల్ల పోయిన రోజులూ ఆ 90లోవే. ఏప్రిల్-సెప్టెంబర్ మధ్య పెట్టుకోండి, లేదా స్పెయిన్, పోర్చుగల్, గ్రీస్ వైపు చూడండి. శిక్షణ అంతా అక్కడే అయితే లాంగ్ స్టే వీసా అడగండి.

ఎయిర్‌లైన్ వైపు వెళ్లాలంటే ఇంకో రెండు ముక్కలు. అడ్వాన్స్‌డ్ యూపీఆర్‌టీ (విమానం అదుపు తప్పినప్పుడు తేరుకునే శిక్షణ): 5 గంటల థియరీ, విమానంలో 3 గంటల డ్యూయల్. మొదటి మల్టీ పైలట్ టైప్ రేటింగ్‌కి (ఎ320 లాంటి ఒక రకం విమానం నడిపే అర్హతకి) ఇది తప్పనిసరి. రెండోది ఎంసీసీ (ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే శిక్షణ): 25 గంటల థియరీ, 20 గంటల ప్రాక్టికల్. ఈ రెండూ ఇండియాలో చేశానని చూపితే ఒప్పుకుంటారా అని ముందే అథారిటీని అడగండి, ఏజెంటుని కాదు.

కాగితాల దగ్గర తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో పూర్తి ఇంటిపేరు, లైసెన్సులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అథారిటీ గుమాస్తాకి ఇవి ముగ్గురు మనుషులు. లైసెన్సు, మెడికల్, లాగ్‌బుక్, ఆర్‌టీఆర్ (రేడియో వాడే లైసెన్సు) అన్నీ పాస్‌పోర్టుతో కలిసేలా ఇక్కడే సరిచేయించుకోండి. లేదా 'ఇవన్నీ ఒకే వ్యక్తి పేర్లు' అని నోటరీ అఫిడవిట్ దగ్గర ఉంచుకోండి. డీజీసీఏ వెరిఫికేషన్ మీ చేతిమీదుగా కాదు, ఒక అథారిటీనుంచి ఇంకో అథారిటీకి నేరుగా వెళ్లాలి. థియరీ సగంలో ఉండగానే మొదలుపెట్టండి, లైసెన్సు దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఇంగ్లీషు ప్రావీణ్యం కూడా అక్కడ గుర్తింపు ఉన్న పరీక్షలో చూపించాలి. లెవెల్ 4 అయితే నాలుగేళ్లు, 5 అయితే ఆరేళ్లు, 6కి గడువు లేదు.

అమెరికా దారిలో సులువట కదా అని కొందరు రాస్తున్నారు. యూరప్-అమెరికా మధ్య 2021 మేలో అమల్లోకి వచ్చిన లైసెన్సింగ్ ఒప్పందం ప్రైవేట్ లైసెన్సు, దానికి తగిలించే ఐఆర్, క్లాస్ రేటింగ్‌ల వరకే. కమర్షియల్‌కి అది తలుపు తెరవదు.

మొత్తం సమయం? పూర్తిగా దీనిమీదే కూర్చుంటే థియరీకి ఎనిమిది నుంచి పది నెలలు, ఎగిరేదానికి రెండు మూడు, కాగితాలకి ఇంకో నెలా రెండు నెలలు. ఉద్యోగం చేస్తూ అయితే ఏడాదిన్నర నుంచి రెండేళ్లు అనుకోండి.

ఇప్పుడు మీ బావగారి సంగతి. ఆయనకి డీజీసీఏ ఏటీపీఎల్ ఉందా, లేక ఇంకా సీపీఎల్ మీదే ఎగురుతున్నారా అన్నదాన్నిబట్టి దారి చీలుతుంది.

ఏటీపీఎల్ ఉండి, యూరప్ అనుభవ షరతులు కూడా నిండి, ఎ320 రేటింగ్ చెల్లుబాటులో ఉంటే, థియరీ కోర్సుకి, స్కిల్ టెస్ట్ ముందు కోర్సుకి పూర్తి క్రెడిట్ ఇవ్వొచ్చు. నేరుగా 13 పేపర్లు, తర్వాత ఎ320 సిమ్‌లో ఏటీపీఎల్ స్కిల్ టెస్ట్. చెస్నాలో మళ్లీ కూర్చోనక్కర్లేదు. షరతులు: 1500 గంటలు, 500 మల్టీ పైలట్, 200 క్రాస్ కంట్రీ, 75 ఇన్‌స్ట్రుమెంట్, 100 రాత్రి. అసలు చిక్కు పీఐసీ దగ్గర. 250 పీఐసీ కావాలి, లేదా కనీసం 70 పీఐసీ ఉండి మిగతాది కెప్టెన్ పర్యవేక్షణలో పీఐసీగా చేసినది, లేదా 500 పూర్తిగా అలా పర్యవేక్షణలో చేసినది. పర్యవేక్షణ గంటలకి ప్రతి లైనులో కెప్టెన్ సంతకం ఉండాలి. కో-పైలట్‌గా 3000 గంటలున్నా ఈ గడి ఖాళీగా ఉంటే దారి మూసుకుపోతుంది. ఉద్యోగంలో ఉండగానే ఆ సంతకాలు పెట్టించుకోమనండి. కంపెనీ మారాక పాత కెప్టెన్లని వెతికి పట్టుకోవడం అయ్యే పని కాదు.

ఏటీపీఎల్ లేకపోతే ఆయనా మీలాగే సీపీఎల్, ఐఆర్ టెస్టులు ఎగరాలి. ఐఆర్ మాఫీకి అడిగే 50 గంటలు పీఐసీవి కాబట్టి కో-పైలట్ గంటలు అక్కడా పనికిరావు. ఒక్క లాభం: ఎ320 మీద 500 గంటలు దాటి, ప్రస్తుతం ఎగురుతూ ఉంటే, స్కిల్ టెస్ట్ పాసై ఆ టైప్ రేటింగ్‌ని కొత్త లైసెన్సులోకి ఎక్కించుకోవచ్చు. కొత్త టైప్ రేటింగ్ ఖర్చు మిగులుతుంది.

వాలిడేషన్ అని ఇంకో మాట వింటారు. అంటే మీ ఇండియన్ లైసెన్సు మీదే కొంతకాలం ఎగరనివ్వడం. గరిష్ఠంగా ఒక ఏడాది. యూరప్ లైసెన్సు కోసం శిక్షణ మొదలుపెట్టి ఉంటే ఒక్కసారి పొడిగిస్తారు. ఎయిర్‌లైన్ పనికి అనుభవ షరతులు పెద్దవి, మామూలుగా ఒక కంపెనీ తనకి కావాల్సిన పైలట్ కోసం తీసుకుంటుంది. 215 గంటలతో ఆ ఊసే వద్దు.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది. లైసెన్సు వేరు, అక్కడ పనిచేసే హక్కు వేరు. యూరప్ ఎయిర్‌లైన్ల ప్రకటనల్లో 'యూరోపియన్ యూనియన్‌లో ఉండి పనిచేసే అపరిమిత హక్కు ఉండాలి' అన్న లైను చూసే ఉంటారు. తక్కువ గంటల పైలట్‌కి వీసా స్పాన్సర్ చేసేవాళ్లు అరుదు. భార్యో భర్తో అక్కడ స్థిరపడినవారైతే, లేదా ఐర్లండ్, జర్మనీల్లో పర్మనెంట్ రెసిడెన్సీ దారిలో ఉంటే, ఇవాళే మొదలుపెట్టండి. ఆ హక్కు ఏ వైపునుంచీ రానప్పుడు మాత్రం, ఈ డబ్బు ఇండియాలో టైప్ రేటింగ్ మీద పెట్టి 1500 గంటలు చేరుకోవడమే నయం అని నా అభిప్రాయం. అప్పుడు మీరు వెళ్లేది ఏటీపీఎల్ దారిలో.

ఆ కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందు ఒక్కటి రాతపూర్వకంగా అడగండి: "చివర్లో నా చేతికొచ్చే లైసెన్సు మీద పీపీఎల్ అని ఉంటుందా, సీపీఎల్ అని ఉంటుందా? ఇచ్చే దేశం ఏది, నాకు క్రెడిట్ సిఫార్సు చేసే ఏటీఓ ఆమోదం నంబరు ఎంత?" జవాబు వస్తే ఇక్కడ పెట్టండి. దాంతోపాటు మీ పీఐసీ గంటలు, రాత్రి గంటల విభజన, ఐఆర్ గడువు తేదీ, అక్కడ పనిచేసే హక్కు ఏ రూపంలో ఉందో రాస్తే, ఏ దేశం, ఏ నెల అన్నది మీ లెక్క ప్రకారం చూసి చెబుతాను.